నీ మగ్గాలు నేను చూస్తాను

ఆ వానాకాలం మొదలయ్యేదాకా మా ఇంట్లో గొంతున్నది కుక్కరుకి ఒక్కదానికే. మిగతా ముగ్గురం, అంటే మా అమ్మ, మా ఆవిడ, నేను, పెదాలు కదిపి చేతులు తిప్పి పని కానిచ్చేవాళ్ళం. కొత్తగా ఎవరైనా ఇంటికొస్తే బిక్కమొహం వేసేవారు. వీళ్ళేదో గొడవపడి మాటలు మానేశారు, మనం రాకూడని వేళకి వచ్చాం అనుకుని, ఇచ్చిన టీ గబగబా తాగేసి వెళ్ళిపోయేవారు. నిజానికి మేం వాళ్ళెదుటే బోలెడు కబుర్లు చెప్పుకుంటూ ఉండేవాళ్ళం. అందులో కొన్ని వాళ్ళ మీదే అనుకోండి, అది వేరే సంగతి.

మగ్గాల మిల్లులో పనిచేసేవాళ్ళకి ఇది మామూలే. షెడ్డు నిండా మరమగ్గాలు ఒక్కసారిగా కొట్టుకుంటుంటే మన గొంతు మన చెవికే వినబడదు. అరిచినా దండగ. అందుకని నోరు బాగా తెరిచి, చప్పుడు లేకుండా, ఒక్కొక్క మాటా పెదాలతో పలుకుతాం. ఎదుటివాళ్ళు చూసి చదువుకుంటారు. పెదాలకి అందనిది చేతులు చెబుతాయి. అన్ని సైగల్లోకీ ముఖ్యమైనది ఒకటుంది. కంటి కింద వేలు పెట్టుకుని, ఎదుటివాళ్ళ మగ్గాల వైపు చూపించి, అరచెయ్యి బయటికి ఊపడం. "నీ మగ్గాలు నేను చూస్తాను, నువ్వెళ్ళిరా" అని దానర్థం. నడుస్తున్న మగ్గాన్ని వదిలి పక్కకి పోకూడదు. మంచినీళ్ళకి వెళ్ళాలన్నా, ఇంటి నుంచి కబురొచ్చి గేటు దాకా పోవాలన్నా, ఎవరో ఒకరు మనకా సైగ చెయ్యాలి. చేశారంటే ఇక మన మగ్గం మీద పోగు తెగినా, కండె మీద దారం అయిపోయినా వాళ్ళదే పూచీ. ఆ మాట తప్పినవాళ్ళు మా షెడ్డులో లేరు.

మా అమ్మ కూడా ఆ షెడ్డులోనే పనిచేసింది. చెవులు రెండూ మిల్లుకి ఇచ్చేసి, ఉత్త చేతులతో రిటైరైంది. మా ఆవిడ కాపురానికొచ్చిన కొత్తలో పెదాల మాట నేర్పింది అమ్మే. అత్తాకోడళ్ళకి అరుచుకునే వీల్లేకపోవడం వల్ల మా ఇల్లు చల్లగా ఉందని నేనంటే, ఇద్దరూ కలిసి నన్ను చేతులతో తిట్టేవాళ్ళు.

మా ఆవిడ మగ్గాలూ నా మగ్గాలూ ఎదురెదురుగా ఉండేవి. మా కాపురంలో సగం ఆ మగ్గాల మధ్యే గడిచింది. పొద్దున్న మొదలుపెడితే గంట కొట్టేదాకా మా కబుర్లకి అంతుండేది కాదు. ఒక చిత్రం చెప్పాలి. ఇంట్లో ఆవిడకి నేను "మీరు". పెళ్ళయిన నాటి నుంచీ అంతే. షెడ్డులో మాత్రం "నువ్వు". పోగు తెగి, దారం లాక్కెళ్ళే నాడె ఇరుక్కుని ఉన్నప్పుడు 'అండీ' తగిలించే తీరిక ఎవరికుంటుంది? గేటులోకి అడుగుపెడితే "నువ్వు", గేటు దాటితే "మీరు". ఏది ఎక్కువ ఇష్టమని ఒకసారి అడిగింది. తేల్చుకోలేకపోయాను.

మొదటి వానలు పడ్డ వారం మా షెడ్డు సూపర్‌వైజరు రిటైరయ్యాడు. మేనేజరు గారు మా ఆవిడని పిలిపించారు. సాయంత్రం గేటు దాటాక, ఇద్దరం ఒకే గొడుగు కింద నడుస్తుంటే నా వైపు తిరిగి పెదాలతోనే చెప్పింది.

"నన్ను సూపర్‌వైజరుగా చేస్తారట."

నేను నిలబడిపోయాను. గొడుగు ముందుకు వెళ్ళిపోయింది, నేను తడుస్తున్నాను.

"నిన్నెందుకు?" అన్నాను. ఎంత అందమైన ప్రశ్నో చూడండి.

"షెడ్డులో ఎవరు బయటికెళ్ళినా వాళ్ళ మగ్గాలు చూసేది నేనేనట. అందరివీ ఎలాగూ చూస్తున్నావు, కుర్చీలో కూర్చుని చూడు అన్నారు. ఈ వానాకాలం పరీక్షట. బాగా చేస్తే హెడ్డాఫీసు నుంచి పెద్దాయన వచ్చి ఖాయం చేస్తారట."

"మంచిదేగా."

"ఒక చిక్కుంది. ఖాయం చేస్తే మనిద్దరం ఒకే షెడ్డులో ఉండకూడదట. మొగుడి మీద పెళ్ళాం, పెళ్ళాం మీద మొగుడు పెత్తనం చెయ్యకూడదని రూలు. మీరు మడత షెడ్డుకి మారాలి."

మడత షెడ్డంటే ఆవరణకి అవతలి వైపున్న గది. నేసిన బట్టని పరీక్షించి, మడతపెట్టి, కట్టలు కట్టే చోటు. చూపు మందగించినవాళ్ళని, చేతులు వణికేవాళ్ళని అక్కడికి పంపేవారు. నాకు చూపూ బాగుంది, చేతులూ బాగున్నాయి. మగ్గం తప్ప ఇంకో పని ఎప్పుడూ చెయ్యలేదు, చెయ్యాలనుకోలేదు కూడా.

"మీరేమంటారు?" అని అడిగింది. ఆవిడ కళ్ళు నా పెదాల మీదే ఉన్నాయి.

"నీ ఇష్టం" అన్నాను.

ఇంకా ఏమైనా అంటానేమోనని కాసేపు చూసింది. తర్వాత గొడుగు నా మీదికి జరిపింది.

మర్నాటి నుంచి ఆవిడ అద్దాల గదిలోకి వెళ్ళింది. షెడ్డుకి ఒక చివర, నాలుగు మెట్ల పైన ఉంటుందది. మూడు వైపులా అద్దాలు. తలుపు వేస్తే లోపల చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుందట. మొదటి రోజే అక్కడ మీటింగు. మేనేజరు గారు, పక్క షెడ్ల సూపర్‌వైజర్లు కూర్చున్నారు. "చెప్పమ్మా, నిన్న నీ షెడ్డులో పని ఎలా సాగింది?" అని అడిగారు. మా ఆవిడ లేచి నిలబడి, ఏ మగ్గం ఆగింది, ఏ పడుగు ఎందుకు తెగుతోంది, ఎవరికి సాయం కావాలి, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. చెప్పి కూర్చుంది. అందరూ అలాగే చూస్తున్నారు. మేనేజరు గారు చెవిలో వేలు పెట్టి తిప్పుకుంటున్నారు పాపం, తనకే ఏదో అయిందని.

"ఒక్క ముక్క కూడా పైకి అనలేదండీ" అంది ఇంటికొచ్చి, తల పట్టుకుని. "మొత్తం పెదాలతోనే చెప్పాను. వాళ్ళు నన్ను మూగదాన్ననుకున్నారు."

నేను పొట్ట పట్టుకుని నవ్వాను. అమ్మకి సైగలతో చెబితే తనూ నవ్వింది. మా ఆవిడా నవ్వింది కానీ, నవ్వు సగంలో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అప్పుడు అమ్మ లేచి వెళ్ళి కోడలి వెనక నిలబడింది. అరచెయ్యి తెచ్చి వీపు మీద, రెండు భుజాల మధ్య ఆనించింది.

"మాట్లాడు" అంది, కోడలి భుజం మీంచి మొహం ముందుకు పెట్టి.

"ఏం మాట్లాడను అత్తయ్యా?"

"చేతికి అదురు రావట్లేదు. ఇంకా పైకి."

"ఏం మాట్లాడను?"

"ఆ, కొంచెం తగిలింది. ఇంకా రావాలి."

అలా మొదలైంది మా ఇంట్లో గొంతు సాధన. సాయంత్రమయ్యేసరికి మా ఆవిడ వంటింట్లో నిలబడి గిన్నెలకి ఉపన్యాసాలిచ్చేది. "ఆ చివరి వరసలో పడుగు సరిగ్గా చుట్టలేదు. ఎవరు చుట్టారో వచ్చి చూడండి" అని గరిటెల స్టాండుని గద్దించేది. చెవులు లేని మా అమ్మ పక్కనే స్టూలు మీద కూర్చుని, కోడలి వీపు మీద చెయ్యి పెట్టి మార్కులేసేది. మొదట్లో ఆ గొంతు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కీచుమనేది, మధ్యలో జారిపోయేది. రోజులు గడిచేకొద్దీ కుదురుకుంది. ఇన్నేళ్ళూ నాతో కాపురం చేసిన మనిషికి అంత మంచి గొంతుందని నాకు ఆ వానాకాలంలోనే తెలిసింది. కొంచెం బొంగురుగా, నిదానంగా ఉండేది. వరండాలో కూర్చుని పేపరు చదువుతున్నట్టు నటిస్తూ వినేవాణ్ణి.

షెడ్డులో మాత్రం నాకు బొత్తిగా పొద్దుపోయేది కాదు. ఆవిడ మగ్గాలు బొంగరం అక్కకి ఇచ్చారు. అక్కది మా అమ్మ తర్వాత తరం. పనిలో పడితే మగ్గాల చుట్టూ గిర్రున తిరుగుతుందని ఆ పేరు. మంచి మనిషే, కానీ ఎదురుగా నిలబడి నాతో మాట్లాడేదంతా తన మోకాళ్ళ నొప్పుల గురించే. అద్దాల గది కేసి చూస్తే నాకు కనిపించేది మా ఆవిడ జడ. మొదటి రెండు మూడు రోజులు ఆవిడ అద్దంలోంచి నాతో కబుర్లాడింది. "ఎవరితోనమ్మా మాటలు, ఇక్కడెవరూ లేరే" అని మేనేజరు గారు కుర్చీని అటు తిప్పించారు. అప్పటి నుంచి ఆవిడ వీపు షెడ్డు వైపు, మొహం మేనేజరు గారి వైపు. పనంతా అయ్యాక మెట్లు దిగి వచ్చి అందరి మగ్గాలూ చూసి వెళ్ళేది. నా దగ్గరికి వచ్చినప్పుడు కూడా అందరికి మల్లేనే ఒక చూపు. అది న్యాయమే. అయినా నాకు ఉక్రోషంగా ఉండేది, చిన్నపిల్లాడిలా.

వానలు బాగా పడ్డాయి. గాలిలో తడి ఉంటే పోగు తక్కువ తెగుతుంది, బట్ట ఎక్కువ దిగుతుంది. మా షెడ్డు అన్నిటికంటే ముందుంది. అది తడి వల్ల కొంత, మా ఆవిడ వల్ల కొంత. జబ్బు చేసినవాళ్ళకి తేలిక మగ్గాలిచ్చింది, తగాదాలున్నవాళ్ళని ఎడంగా నిలబెట్టింది. ఇంటికొచ్చి అమ్మకి ఆ రోజు చేసినవన్నీ చెబుతుంటే ఆవిడ మొహం వెలిగిపోయేది. నన్ను మాత్రం మళ్ళీ అడగలేదు. నేనూ మళ్ళీ అనలేదు. మడత షెడ్డు అనే మాట మా ఇంట్లో ఎవరి పెదాల మీదా కనపడలేదు.

హెడ్డాఫీసు పెద్దాయన వస్తున్నాడని తెలిసిన ఆదివారం, మా ఆవిడ కొళాయి దగ్గర బట్టలుతుకుతోంది. అమ్మ వరండాలో నా ఎదురుగా కూర్చుని ఆరిన బట్టలు మడతపెడుతోంది. ఉన్నట్టుండి చేతిలోది పక్కన పెట్టింది.

"నన్నూ అడిగారు, తెలుసా?" అంది.

"ఏమని?"

"సూపర్‌వైజరుగా చేస్తామని. నువ్వప్పుడు ఇంత ఉన్నావు. మీ నాన్న కూడా అదే షెడ్డు."

నాకీ సంగతి తెలియదు. నాన్న పోయి చాలా కాలమైంది. ఆయన నోట గానీ అమ్మ నోట గానీ నేనెప్పుడూ వినలేదు.

"మరి నాన్న వద్దన్నాడా?"

"వద్దంటే బాగానే ఉండేది. పోట్లాడేదాన్ని." అమ్మ నా చొక్కా తీసి చేతులు సరిచేసింది. "నీ ఇష్టం అన్నాడు."

నేను తల దించుకున్నాను. అమ్మతో మాట్లాడేటప్పుడు తల దించుకుంటే మాట తెగిపోతుంది. అది తెలిసే దించుకున్నాను. అమ్మ మడత చొక్కాతో నా గడ్డం పైకి లేపింది.

"ఒంటరిగా ఎంత ఇష్టపడతాం రా? మర్నాడు వెళ్ళి నాకొద్దని చెప్పి వచ్చేశాను. మీ నాన్న మంచివాడు. ఏమీ అనలేదు, అంతే."

కొళాయి దగ్గర మా ఆవిడ బట్టలు పిండుతూ, పెద్దాయనకి చెప్పాల్సినవి పైకే వల్లిస్తోంది. అమ్మకి వినబడదు. నాకు వినబడుతోంది. లేచి వెళ్ళి చెప్పేద్దామనుకున్నాను. బకెట్టు ఎత్తి ఇచ్చి, బట్టలు ఆరేసి, క్లిప్పులు పెట్టి, ఏమీ చెప్పకుండా వచ్చేశాను. నోరు తెరవడం ఎంత కష్టమో నాకు ఆ రోజు తెలిసింది.

పెద్దాయన వచ్చాడు. లావుపాటి మనిషి, చేతిలో తడిసిన గొడుగు. షెడ్డంతా ఒకసారి చుట్టి అద్దాల గదిలోకి వెళ్ళాడు. వెళ్ళినవాడు నేరుగా మా ఆవిడ కుర్చీలో కూర్చున్నాడు. ఉన్నవాటిలో అదే పెద్దది మరి. దాంతో మా ఆవిడ ఆయనకి ఎదురుగా, అంటే మా అందరి వైపు మొహం పెట్టి నిలబడాల్సి వచ్చింది. తలుపు వేశారు.

షెడ్డులో ఎన్నో రోజుల తర్వాత ఆవిడ పెదాలు నాకు కనిపించాయి.

తలుపు వేశాక మాట బయటికి పోదనుకుంది. పుట్టింటి వాళ్ళకంటే ఎక్కువగా పెదాలనే నమ్ముకుని బతికిన మనిషి ఆ ఒక్క క్షణం అద్దం సంగతి మరిచిపోయింది. పైగా మిల్లు అలవాటు, ప్రతి మాటా నోరారా పలకడం. షెడ్డు మొత్తం చదువుతోంది. పెద్దాయన మాకు వీపే చూపిస్తున్నాడు. మేనేజరు గారి పెదాలు అంతంత మాత్రంగా కదులుతాయి, ఆఫీసు వాళ్ళ పెదాలు చదవడం మా తరం కాదు. కనక మాకు అందింది ఆవిడ సగమే.

"అవును సార్, ఆయనే. అదిగో ఆ వరసలో."

తర్వాత కాసేపు విన్నది. తల అడ్డంగా ఊపింది.

"లేదు సార్. ఆయన్ని మార్చొద్దు. ఆ మగ్గాలంటే ఆయనకి ప్రాణం. అక్కడ కూర్చోబెడితే చిక్కిపోతారు."

మళ్ళీ విన్నది. పమిట చెంగు వేలికి చుట్టుకుంది.

"ఏమీ అనలేదు సార్. నా ఇష్టం అన్నారు." వేలికున్న చెంగు విప్పేసింది. "నేనే నా మగ్గాల దగ్గరికి వెళ్ళిపోతాను. ఈ కుర్చీ ఇంకెవరికైనా ఇవ్వండి."

ఎదురుగా ఉన్న బొంగరం అక్క నా వైపు తిరిగింది. ఈసారి మోకాళ్ళ గురించి కాదు.

"చదివావా?" అంది.

"చదివాను."

"మరి?"

నేను నా మగ్గాలు ఆపేశాను. ఒకదాని తర్వాత ఒకటి, నాలుగూ. పనివేళలో మంచి మగ్గాన్ని ఆపడం నేనెన్నడూ ఎరగను. అన్నీ నడుస్తున్నప్పుడు ఒక వరస ఆగితే షెడ్డులో ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది, ఆ అదురు మారిపోతుంది. అద్దం వెనకున్నా ఆవిడకీ తెలిసింది. తలెత్తి చూసింది.

"నీ ఇష్టం అన్నది నిజం కాదు" అన్నాను, నోరు బాగా తెరిచి. "నా ఇష్టం చెబుతాను. నువ్వక్కడే ఉండు."

ఆవిడ కదల్లేదు. నమ్మినట్టు లేదు. చెయ్యి దానంతటదే లేచింది. కంటి కింద వేలు పెట్టుకున్నాను. ఆవిడ పాత మగ్గాల వైపు చూపించాను. నిజానికి అవి ఆవిడవి కావు, ఎప్పుడో బొంగరం అక్కవైపోయాయి. అయినా నాకు తెలిసిన సైగ అదొక్కటే. అరచెయ్యి బయటికి ఊపాను.

నీ మగ్గాలు నేను చూస్తాను, నువ్వెళ్ళు.

పెద్దాయన వెనక్కి తిరిగి నన్ను చూశాడు. మళ్ళీ ఆవిడ వైపు తిరిగాడు, ఏదో అడిగినట్టున్నాడు. మా ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుని, నిటారుగా నిలబడి జవాబు చెప్పింది. ఆయన కుర్చీలో ఉలిక్కిపడ్డాడు. అంటే గొంతు బాగానే వచ్చిందన్నమాట.

"మా ఆయన సార్. మడత షెడ్డుకి వెళ్తారట. నేను ఉంటాను."

నేను మళ్ళీ మగ్గాలు నడిపించుకున్నాను. బొంగరం అక్క కళ్ళు తుడుచుకుంటూ, ఆ పిల్ల మగ్గాలు నువ్వేం చూస్తావు, అవి నావి అంది. ఆ రోజు గంట కొట్టేదాకా నేసిన బట్టలో ఒక్క తప్పు లేదని తర్వాత తెలిసింది. తెలియజేసింది మడత షెడ్డు వాళ్ళే.

వానలు వెనకబట్టాక ఒక పొద్దున్న ఆవరణ దాటి మడత షెడ్డుకి వెళ్ళాను. కష్టంగా అనిపించలేదని చెబితే మీరు నమ్మరు, నేనూ చెప్పను. చేతులకి ఏం చెయ్యాలో తెలియలేదు. చెవులకి అంతకంటే తెలియలేదు. బట్ట జరిగే శబ్దం తప్ప ఇంకేం లేదక్కడ. పక్కనున్న ముసలాయన కత్తెర ఇవ్వమని మామూలు గొంతుతో అడిగాడు. నేను పెదాలతో "ఇదిగో" అన్నాను. ఆయన మళ్ళీ అడిగాడు. నేను మళ్ళీ పెదాలతోనే. చివరికి ఆయన లేచొచ్చి తనే తీసుకున్నాడు. మూగవాణ్ణి పంపించారని అందరూ జాలిపడ్డారు.

మధ్యాహ్నం గంటకి కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆవరణకి అవతల, మా పాత షెడ్డు మెట్ల మీద మా ఆవిడ కనిపించింది. చేత్తో ఎండ కాచుకుని నా కోసమే వెతుకుతోంది. కనిపించగానే ఆవిడ పెదాలు కదిలాయి.

"తిన్నావా?"

గేటు లోపలే కదా ఉన్నాం. నువ్వే.

"తిన్నాను. నువ్వో?" అన్నాను. వెనక ఎవరో, పాపం తనలో తను మాట్లాడుకుంటున్నాడు అన్నారు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే మొదలుపెట్టాను. మడత షెడ్డులో ఈగ వాలినా వినబడుతోందని, అక్కడివాళ్ళు మాట్లాడేది తక్కువ, దగ్గేది ఎక్కువని, కత్తెర కోసం నా పరువు పోయిందని, రేపటి నుంచి నేనూ గిన్నెలకి ఉపన్యాసాలివ్వాలేమోనని. మా ఆవిడ వంటింటి గుమ్మానికి ఆనుకుని, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూ వింటోంది. అవును, వింటోంది. నేను చేతులు తిప్పడం మరిచిపోయాను.

అమ్మ ఎప్పుడు లేచి వచ్చిందో చూడలేదు. నా వెనక నిలబడి, భుజాల మధ్య అరచెయ్యి ఆనించింది. నేను ఆగి, తల తిప్పి చూశాను.

"ఆపకు" అంది అమ్మ. "వస్తోంది."